నాలుగు సాంచాలు, ఒక తెరచాప పడవ

క్రిందటి నెలలో, ఇంట్లో మూలన పడి తుప్పు పట్టిపోతున్న కూలరును ఆటోలో వేయించుకుని కోరుట్ల బస్టాండు వెనక ఉన్న పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. నా వంతు వచ్చేదాకా నిలబడి అటూ ఇటూ చూస్తుంటే, లోపల ఒకతను గోనెసంచి మీద కాళ్లు చాపుకుని కూర్చుని, విరగ్గొట్టిన సాంచ ముక్కల్లోంచి బుష్షులు ఊడదీసి వేరే గంపలో వేస్తున్నాడు. సిరిసిల్ల వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం చెబుతాను. సాంచ అంటే కరెంటుతో నడిచే మరమగ్గం. బుష్షు అంటే దాని షాఫ్టు తిరిగేచోట ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా గాజులా తొడిగే లోహపు ముక్క. మంచి బుష్షు కంచుతో చేస్తారు, మేం దాన్ని గన్‌మెటల్ అనేవాళ్లం. గంపలోంచి ఒకటి తీసి బొటనవేలితో లోపలి అంచు తడిమాను. చిత్రమేమిటంటే, నిన్న పెట్టిన కళ్లద్దాలు ఇవాళ ఎక్కడున్నాయో గుర్తుండని ఈ వయసులో, ఆ బుష్షు ఎంత అరిగిందో, ఇంకా ఎన్నేళ్లు నడిచేదో నా వేలికి వెంటనే తెలిసిపోయింది.

“ఏంది పెద్దాయినా, గట్ల జూస్తున్నవ్? నీదేనా ఏంది?” అని నవ్వాడతను. ఊరికే అన్న మాట. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబుక్కున దాన్ని గంపలో పడేసి, కూలరు సంగతి కూడా మరిచిపోయి బయటికొచ్చేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. ఆ రోజు నుంచి మాత్రం ఈ సంగతి కాగితం మీద పెట్టాలని మనసు పీకుతూనే ఉంది. మా తరం వాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపిస్తుంది. మనంత నిక్కచ్చి మనుషులు లేరని పిల్లల దగ్గర ఎన్ని గొప్పలు పోయినా, మనలో మనకు తెలుసు కదా.

ఇరవయ్యో ఏట నుంచి ముప్పై ఐదో ఏట దాకా నేను సిరిసిల్లలో జాబర్‌ని, అంటే సాంచాలు బాగుచేసే మేస్త్రీని. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా సాంచాల చప్పుడే. ఆ చప్పుడులో మాట వినపడాలంటే అరవక తప్పదు కనుక మా అందరికీ గొంతు పెంచి మాట్లాడటం అలవాటైపోయింది; నా గొంతు ఇప్పటికీ అలాగే ఉండి, కొత్తగా వచ్చిన కోడలు ఆరు నెలల దాకా మామకు తన మీద కోపమనుకుందట. సాంచ చెడిందంటే జాబర్ వెళ్లి, ముందు దాన్ని నడిపించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బుష్షు మీద ఆనించి పిడిని చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె చూసినట్టు వింటాడు. తర్వాత కరెంటు ఆపి, పక్కనున్న చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపుతాడు. షాఫ్టు బిగువుగా ఉంటే సాంచ ఆరోగ్యంగా ఉన్నట్టు, టకటక కొట్టుకుంటే అరిగిపోయినట్టు. అక్కడితో అయిపోదు. సాంచ పనికిరాదని చెప్పాల్సి వస్తే, ఆ మాట అనే ముందు యజమాని చెయ్యి పట్టుకుని షాఫ్టు మీద పెట్టించి, చక్రం ఊపి, ఆ కొట్టుకోవడం ఆయన చేతికే తెలిసేలా చెయ్యాలి. అది మాలో మర్యాద. చెయ్యి పెట్టించాక జాబర్ ఏమంటే అదే, దాని మీద ఇంకొకణ్ణి పిలిచి అడగడమనేది ఉండేది కాదు.

ఆ పనిలో నన్ను పెట్టించింది మా బావ, అంటే మా అక్క భర్త. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్కే. బావ పడుచు వయసులో భీవండి వెళ్లి, అక్కడ సాంచాల మీద ఏళ్లకేళ్లు కూలీగా చేసి, ఆ కార్ఖానా సేటు పాత సాంచాలు అమ్మేస్తుంటే, తాను రోజూ నడిపిన నాలుగింటినే కొనుక్కుని, లారీలో వాటి మధ్యనే కూర్చుని సిరిసిల్ల దాకా వచ్చినవాడు. అవి పాతకాలపు బరువైన సాంచాలు. తర్వాత వచ్చినవాటికి పల్చటి ఇత్తడి బుష్షులుంటే, వీటికి బొటనవేలంత మందాన గన్‌మెటల్ ఉండేది. దసరాకు బావ వాటికి పసుపూ కుంకుమా పెట్టి, నాలుగింటి ముందూ నాలుగు కొబ్బరికాయలు కొట్టేవాడు, ఒక్క కాయతో సరిపెట్టవచ్చు కదా అని అక్క సణుగుతున్నా వినేవాడు కాదు. అక్క ఆ సాంచాల పక్కనే కూర్చుని పొద్దస్తమానం కండెలకు నూలు చుట్టేది. వాళ్ల అన్నం తినే నేను మనిషినయ్యాను. ఈ మాట ఇక్కడే చెప్పి పెడుతున్నాను, తర్వాత చెప్పడానికి నాకు నోరు రాకపోవచ్చు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలియనిది కాదు. నూలు ధర పెరిగి, గుడ్డ ధర పడిపోయి, నేసిన బట్ట కొనేవాడు లేక ఇళ్లలోనే గుట్టలు పడిపోయి, ఒక్కో కార్ఖానా మూతపడుతూ వచ్చింది. సందు మొదట్లో టెంటు కనిపిస్తే ఎవరింట్లో పెళ్లో అనుకునే రోజులు పోయి, అప్పులు తాళలేక ఇవాళ ఎవరు పోయారో అని గుండె ఝల్లుమనే రోజులొచ్చాయి. సాంచాలే ఆగిపోతే జాబర్‌తో ఎవరికి పని? మా ఆవిడ పుట్టినూరు కోరుట్ల. అక్కడ ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు కనుక మా మామ ఎవరో ఏజెంటును పట్టుకున్నాడు. సంసారాన్ని కోరుట్లలో దింపి నేను బొంబాయి బస్సెక్కాను.

గల్ఫ్‌లో దిగాక నన్ను వేసింది సముద్రపు ఒడ్డున పడవలు బాగుచేసే యార్డులో. మానేరు వాగు తప్ప నీళ్లు చూడనివాణ్ణి నేను. దూరపు కొండలు నునుపన్నట్టు, గల్ఫ్ అంటే ఏసీ గదులనుకుని వెళ్లినవాణ్ణి, చేపల వాసన కొట్టే పడవల అడుగున పడుకుని నాచు గీకుతూ రెండు నెలలు ఏడ్చాను. ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, “ఓయ్” అంటే నేనే. ఆ యార్డులో ఒక మూల, ఖర్జూరపు ఆకుల పందిరి కింద, ఇంజను లేని ఒక కొయ్య పడవ ఉండేది. తెరచాప ఎత్తి గాలికి నడిపే పడవ. ఓడల ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక ముసలి తెల్లాయన, ఎక్కడో ఇసుకలో కూరుకుపోయిన దాన్ని కొని తెచ్చి, చెక్క తర్వాత చెక్క మార్చుకుంటూ మళ్లీ కడుతున్నాడు. మేమంతా ఆయన్ను బుడ్డా సాబ్ అనేవాళ్లం. వచ్చీరాని హిందీలో మాట్లాడేవాడు, తన పళ్లెం తానే కడుక్కునేవాడు.

ఆయనకొక పట్టు ఉండేది. ఆ పడవకు కావలసిన కొక్కేలు, గిలకలు, మరలు, తాళ్లు చుట్టి కట్టే కొమ్ములు, అన్నీ కంచువే ఉండాలి. ఇనుమైతే తుప్పు పట్టి తాను పోవడమే కాక చుట్టూ ఉన్న కొయ్యను కూడా కుళ్లబెడుతుంది. ఇత్తడి చూడటానికి బాగానే ఉంటుంది గానీ అందులోని తుత్తునాగాన్ని, అంటే జింకును, ఉప్పునీళ్లు మెల్లగా తినేసి, పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల పుచ్చిన కందిగింజలా పొల్లయిపోతుంది. కంచు ఒక్కటే పైన పచ్చటి పొర కప్పుకుని లోపల తరాలకు తరాలు చెక్కుచెదరకుండా ఉంటుంది. కొత్తవి కొనాలంటే ఎక్కడో పైదేశం నుంచి తెప్పించాలి; అందుకని ఆయన చచ్చిపోయిన పడవల నుంచి, పాత సామాన్ల బజారు నుంచి ఒక్కొక్కటీ ఏరుకొచ్చేవాడు. ఒకరోజు ఆయన తెచ్చిన గుట్ట పక్కనుంచి పోతూ, ఊరుకోలేక ఒక కొక్కెం చేతికి తీసుకుని ఇది కంచు కాదు సాబ్ అన్నాను. ఆకురాయితో గీకి చూస్తే పసుప్పచ్చగా ఇత్తడి బయటపడింది. నీకెలా తెలుసన్నాడు. సాంచాల గురించి చెప్పాను. మర్నాటి నుంచి ఫోర్మన్‌ని అడిగి నన్ను తన పనిలోకి తీసుకున్నాడు.

నా జీవితంలో నేను ఇష్టంగా చేసిన పని ఏదంటే, సిగ్గులేకుండా చెబుతున్నాను, అదే. వారానికొకసారి ఆయన జీపులో పాత సామాన్ల బజారుకు వెళ్లేవాళ్లం. విరిగిన ఓడల కుళాయిలు, గుండ్రటి కిటికీల చట్రాలు, గంటలు, గొలుసులు కొండల్లా పడి ఉండేవి. నా జేబులో ఒక అయస్కాంతం, ఒక ఆకురాయి. అయస్కాంతం అంటుకుంటే పైన పూతపూసిన ఇనుము. అంటుకోకపోతే కనపడని మూల ఒక గీత గీకేవాణ్ణి. పొడి పసుపు రంగులో రాలితే ఇత్తడి, ముదురు బెల్లం రంగులో రాలితే కంచు. ఒకసారి రేవు పక్కన సగం కాలిపోయిన పడవ ఒకటి దొరికితే, దాని మీద మూడు వారాలు పనిచేశాం. ఏళ్ల తరబడి కొయ్యలో బిగుసుకుపోయిన మరలు అంత తేలిగ్గా రావు. పైనున్న కొయ్య బిళ్లను తవ్వి తీసి, గాడిలోని మట్టిని సూదితో గీకి, కాల్చిన ఇనుప కడ్డీని మర నెత్తిన కాసేపు ఆనించి, చల్లారాక ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు విప్పే వైపు తిప్పాలి. మొండివాళ్లను ఒప్పించే పద్ధతి కూడా అదేనని మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. అలా ఒక్క మర కూడా విరగకుండా తీసినందుకు, యార్డు మొత్తం భోజనాలకు కూర్చున్న చోట బుడ్డా సాబ్ నన్ను “ఉస్తాద్” అని పిలిచాడు. ఆ రోజు నుంచి అందరికీ నేను ఉస్తాద్‌నే.

ఆ మాట నా తలకెక్కింది. ఎక్కిందనడానికి గుర్తు, తర్వాత జరిగిన పొరపాటు. చుక్కాని కడ్డీ తిరిగే చోట రెండు పెద్ద బుష్షులూ, గిలకల నడుమ తిరిగే చిన్న తొడుగులూ చెయ్యడానికి మందమైన లోహం కావలసి వచ్చింది. బజారులో ఒక లావుపాటి కడ్డీని చూడగానే కంచేనని తేల్చేశాను. ఉస్తాద్‌ని కదా, గీకి చూడటం కూడా నాకు చిన్నతనమనిపించింది. లేత్ మిషన్ మీద పెట్టి చెక్కితే బంగారంలా పసుప్పచ్చని చెక్కులు రాలాయి. చుట్టూ పదిమంది ఉన్నారు. ఆయన కడ్డీని తీసి పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆ వారమంతా నన్ను పేరు పెట్టి పిలిచాడు గానీ ఉస్తాద్ అనలేదు. అప్పుడు నేను, అడగకుండానే, మా ఊళ్లో సాంచాలకు ముప్పై నలభై ఏళ్లు తిరిగినా అరగని గన్‌మెటల్ ఉంటుందనీ, సెలవుకు పోయినప్పుడు తెస్తాననీ ప్రగల్భం పలికాను. ఆయన నవ్వి, దొరికితే సంతోషమే, దొరక్కపోతే బెంగపడకు అన్నాడు. ఇది గమనించండి. తెమ్మని ఆయన నన్ను అడగలేదు. తేకపోతే నా పనికేం ముప్పు లేదు.

సెలవు మీద వచ్చాక కోరుట్లలో, జగిత్యాలలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా ఇత్తడే. సెలవు కరిగిపోతోంది. ఇక నాలుగు రోజుల్లో బయలుదేరాలనగా, అక్కను చూసి వద్దామని సిరిసిల్ల బస్సెక్కాను. అబద్ధం ఎందుకు, అక్కను చూడటానికి మాత్రమే కాదు. వేములవాడ దాటేసరికే నా మనసులో ఆ నాలుగు సాంచాలు కదులుతున్నాయి.

ఊరు చిన్నబోయి ఉంది. బావ వాకిట్లో ఒక లారీ ఆగి ఉంది. సాంచాలను తూకానికి కొనేవాళ్లది. సందులో సగం ఇళ్లవాళ్లు అప్పటికే అమ్మేశారు. బావ నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు ఎదురొచ్చాడు.

“బామ్మర్దీ, నువ్వచ్చినంక అడుగుదామనే ఆగిన. అమ్ము అమ్ము అని పాణం దీస్తున్నరు. నువ్వు జూసి చెప్పు. నడుస్తయంటే ఉపాసమన్న ఉంట గని అమ్మ. పని అయిపోయినయంటే ఇయ్యాల్నే ఇచ్చేస్త.”

కార్ఖానాలోకి వెళ్లి ఒక్కొక్కటీ నడిపించి చూశాను. స్క్రూడ్రైవర్ చెవికి ఆనిస్తే బుష్షులోంచి వచ్చే ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది, నిండుగా, ఒకే తీరుగా. చక్రం పట్టి ఊపితే షాఫ్టు గోడలా నిలబడింది. ఇంకో ముప్పై ఏళ్లకు ఢోకా లేని సాంచాలవి. ఇంతలో బావ నాకోసం చాయ్ చెప్పడానికి వీధిలోకి వెళ్లాడు. అక్క గుమ్మంలో కూర్చుని కండెలు సర్దుకుంటోంది, తల ఎత్తలేదు. నేను జేబులోంచి పానా తీసి, బుష్షుల మీది మూతల బోల్టులను తలా అర చుట్టు వదులు చేశాను. జాబర్ తప్ప ఎవడూ కనిపెట్టలేని పని. బావ తిరిగి వచ్చాక, ఆయన చెయ్యి నా చేత్తో పట్టుకుని షాఫ్టు మీద పెట్టించి, చక్రం ఊపాను. టకటక కొట్టుకుంది.

“అరిగిపోయినయ్ బావా. ఇగ లాభం లేదు,” అన్నాను.

కంచే చేను మేయడమంటే ఏమిటో ఎవరైనా అడిగితే నేను ఆ పూటను చూపిస్తాను. ఎలాగూ ఊరు మునిగిపోతోంది కదా, ఇవాళ కాకపోతే రేపు అమ్మక తప్పదు కదా అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత చాలా ఏళ్లు అదే చెప్పుకున్నాను. కానీ నా చెయ్యి పానా కోసం జేబులోకి వెళ్లినప్పుడు నా కళ్ల ముందున్నది మునిగిపోతున్న ఊరు కాదు. భోజనాల దగ్గర పదిమందిలో ఒక ముసలాయన నన్ను ఉస్తాద్ అని పిలవడం. అంతే. నాకు ఆకలి లేదు, అవసరం లేదు. ఒక్క మెప్పు కోసం నాలుగు సాంచాలు.

బావ చాలాసేపు షాఫ్టు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తర్వాత సరేనన్నాడు. రెండో ప్రశ్న అడగలేదు. బుష్షులు నేను తీసుకుంటాననీ, అక్కడ పనికొస్తాయనీ అంటే ఆయన మొహంలోకి కాస్త వెలుగు వచ్చింది. పదహారు బుష్షులూ తానే ఊడదీసి, కిరోసిన్ గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి నా ముందు పెట్టాడు. లోపలి అంచు వేలితో తడిమి చూస్తాడేమోనని నా ప్రాణాలు పైనే పోయాయి. చూడలేదు. “నీకన్న అక్కెరకచ్చినయ్, గదే సంతోషం,” అన్నాడు. లారీ కదిలినప్పుడు నేను వాకిట్లో లేను, వెనక దొడ్లో కాళ్లు కడుక్కుంటున్నాను.

అక్క నా కోసం సకినాలు, గరిజలు, మామిడికాయ తొక్కు డబ్బాలకెత్తి మూట కట్టింది. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న ఆ రోజుల్లో ఆ నూనె, ఆ బెల్లం ఎక్కడి నుంచి తెచ్చిందో. విమానంలో ఇంత బరువే అని ఉంటుంది కదా, కోరుట్ల వచ్చాక ఆ డబ్బాలన్నీ తీసి ఇంట్లో పెట్టేసి, వాటి జాగాలో బుష్షులను లుంగీల్లో చుట్టి సర్దుకున్నాను. సకినాలు ఎట్లున్నాయని అక్క తర్వాత బావ చేత ఉత్తరం రాయించి అడిగింది. బాగున్నాయని రాశాను.

యార్డులో లేత్ మీద మొదటి బుష్షు పెట్టి చెక్కితే ముదురు ఎర్రటి చెక్కులు చుట్టలు చుట్టలుగా రాలాయి. బుడ్డా సాబ్ ఒక చెక్కును అరచేతిలో వేసుకుని ఎండలో తిప్పి తిప్పి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, అందరూ వినేలా ఆ మాట అన్నాడు. నాకు ఆ రోజు సంతోషమే వేసింది. బాధ వేసిందని రాస్తే మీరు నన్ను కాస్త మంచివాణ్ణనుకుంటారు, కానీ వెయ్యలేదు.

బాధ ఏడాది తిరక్కుండా వచ్చింది. సిరిసిల్లకు పెద్ద ఎత్తున చీరల ఆర్డర్లు వచ్చాయి. మూతపడ్డ కార్ఖానాలు తెరుచుకున్నాయి, సాంచాలు ఉంచుకున్నవాళ్లకు చేతి నిండా పని. బావ మాత్రం ఇంకొకరి సాంచాల మీద కూలీకి చేరాడు, భీవండిలో ఎక్కడ మొదలుపెట్టాడో మళ్లీ అక్కడికే వచ్చాడు. అక్క బీడీలు చెయ్యడానికి కూర్చుంది. ఫోన్ చేస్తే బావ ఎప్పటిలాగే గలగలా మాట్లాడాడు. “సాంచాలు మళ్ల మొదలైనయ్ బామ్మర్దీ. మనయి ఉంటెనా…” అని, మళ్లీ తనే “సరేతియ్, అరిగినయి ఉండి ఏం జేస్తయ్,” అని నన్నే ఓదార్చాడు. ఫోన్ పెట్టేసి టెలిఫోన్ బూత్ బయట మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు.

పడవ సంగతి కూడా చెప్పేస్తాను. అది పూర్తయి నీళ్లలోకి దిగింది. తెరచాప ఎత్తితే నిజంగానే చూడముచ్చటగా ఉండేది. రెండే రెండుసార్లు సముద్రంలోకి పోయింది. తర్వాత బుడ్డా సాబ్‌కు గుండెజబ్బు వచ్చి తన దేశానికి వెళ్లిపోయాడు, పడవను అమ్మేశారు. కొన్నాయనకు పాత కంచు నచ్చలేదు, తళతళలాడే స్టీలు కావాలన్నాడు. ఊడదీసే పని నాకే పడింది. చుక్కాని బుష్షులు తీసి వేలితో తడిమి చూశాను. ఏమాత్రం అరగలేదు. రెండు మూరల గుడ్డ నేసినంత పని కూడా చెయ్యకుండా అవి తిరిగి నా చేతిలోకే వచ్చాయి. ఇంటికి తెచ్చే ధైర్యం లేక, మిగతా చెత్తతో పాటు పాత సామాన్ల గుట్టలోకి విసిరేశాను.

నేను గల్ఫ్ వదిలేసి వచ్చి కోరుట్లలో ఇల్లు కట్టుకున్నప్పుడు, గృహప్రవేశం నాడు చుట్టాలందరి మధ్యా బావ లేచి నన్ను పొగిడాడు. తన సందులో ఒకాయన పాత సాంచాలు అమ్మనని పంతం పట్టి, ఆర్డర్లు వచ్చేలోగానే అప్పుల పాలై ప్రాణం తీసుకున్నాడట. తనకూ ఆ గతి పట్టకుండా నేనే కాపాడానట. “నా బామ్మర్ది నోట్లకెళ్లి వచ్చిందంటే గది రాతి మీద గీత,” అన్నాడు. అందరూ నా వైపు చూసి నవ్వారు. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉండి ఉండొచ్చు కూడా. ఆ సాంచాలు ఉండి ఉంటే బావ కూడా అప్పు చేసేవాడేమో. కానీ నేను పానా తీసింది ఆయన్ను కాపాడటానికి కాదు. మింగలేక కక్కలేక, వచ్చిన వాళ్ల విస్తళ్ల మధ్య తిరుగుతూ ఆ రోజు గడిపాను.

ఇక భరించలేక వారం తర్వాత సిరిసిల్ల వెళ్లాను. మధ్యాహ్నం, బావ పనికి పోయాడు. అక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. ముందు ఆమెకు చెప్పి, తర్వాత బావ కాళ్లు పట్టుకుందామని నా ఉద్దేశం. బోల్టులు వదులు చేసిన దగ్గర నుంచి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఆకు చుట్టి, దారం కట్టి, ఆ బీడీని పక్కన పెట్టాక అంది.

“నాకెర్కే తమ్మీ. ఇరవై ఏండ్లు ఆ సాంచాల పక్కపొంటి కూసున్న. మంచిది ఎట్ల మోగుతదో, అరిగింది ఎట్ల మోగుతదో నాకెర్కలేదా? ఆనాడు పొద్దుగాల గూడ మంచిగనే నడిచినయ్.”

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు.

“ఎట్ల జెప్పాలె? నా తమ్ముడు అబద్ధమాడిండని ఆయనతోని నేనెట్ల అనాలె? నువ్వెందుకట్లన్నవో నాకు తెల్వలె. ఏదో ఉంటదితియ్, మనకు చెడు జెయ్యడు గదా అనుకున్న.” చాటలోకి చూస్తూనే అంది, “ఇగ ఆయనకు చెప్పకు. సాంచాలైతే ఎట్లనో పోయినయ్. బామ్మర్ది గూడ పోవాల్నా ఆయనకు?”

తర్వాత లేచి, చేతులకంటిన తంబాకు కడుక్కుని, నాకు అన్నం పెట్టింది. తిన్నాను.

బావకు నేను చెప్పలేదు. చివరిదాకా ఇంట్లో ఫ్యాను చప్పుడు చేసినా నాకే ఫోన్ చేసి, ఏం చెయ్యాలో నువ్వు చెబితేనే చేస్తాననేవాడు. పోయినేడు ఆయన పోయాడు. అక్క ఉంది, ఆమెకు చదవడం రాదు. ఇది ఆమెకు ఎవరూ చదివి వినిపించకుండా ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను, వినిపించినా ఆమె నన్నే వెనకేసుకొస్తుందని తెలిసి కూడా.

సిరిసిల్లలో ఇప్పుడు కొత్తరకం మగ్గాలు వచ్చాయట. ఏది చెడినా ఫోన్లో ఫొటో తీసి కంపెనీకి పంపిస్తారు, అక్కడివాళ్లు ఒకటి చెబుతారు, దాన్ని ఇంకో ఇద్దరికి చూపించి, వాళ్లూ అదే అంటేనే పానా పడుతుంది. ఒక మనిషి చెయ్యి పట్టుకుని చెబితే నాలుగు సాంచాలు లారీకెక్కించేవాళ్లు ఇక లేరు. మా పిల్లలు అదే మంచిదంటారు, అవునేమో. మా ఈడువాళ్లు మాత్రం సాయంత్రాలు అరుగు మీద చేరి, ఆ రోజుల్లో మాటంటే మాటేననీ, ఇప్పుడు మనిషిని మనిషి నమ్మడం లేదనీ, ఆ నమ్మకం ఎటు పోయిందో తెలియడం లేదనీ వాపోతుంటారు. నేను కూడా వాళ్ల మధ్యనే కూర్చుంటాను. ఎటు పోయిందో తెలిసినవాణ్ణి కనుక నోరు మెదపను.